ఏడు యాభై రెండుకి ఆగిన చుక్క

గురువారం. ఉదయం 9:17.

కుయిక్కల పోలీస్ స్టేషన్‌లో ఫోన్ మోగింది.

"సరస్సు మీద మంచు విరిగింది. మా ఒనెర్వా కనబడటం లేదు."

అంతే. ఫోన్ పెట్టేశాడు. ఈ మంచు దేశంలో చావు కబురైనా రెండు వాక్యాల్లోనే చెబుతారు.

ఫోన్ చేసింది తాయిస్టో. వయసు అరవై ఆరు. ఊళ్ళోని అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో ల్యాబ్ మెకానిక్. ఒనెర్వా అతని అక్క కూతురు. ముప్పై ఎనిమిదేళ్ళు. ఆ యూనివర్సిటీలోనే పరిశోధన విభాగంలో ప్రాజెక్ట్ ఇంజనీర్.

10:05కి ఇన్‌స్పెక్టర్ హిల్కా తెర్వో ఒడ్డున కారు దిగింది. చలి మైనస్ ఇరవై మూడు.

హిల్కాకి సరస్సంటే భయం. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచదు. ఈ ఒడ్డున పుట్టి పెరిగిన వాళ్ళలో భయం లేదనేది తాగినవాళ్ళే. కాళ్ళ కింద మంచు బొయ్యిమని మూలిగింది. మూలిగితే మందంగా ఉన్నట్టే, భయం లేదంటారు. చెప్పేవాళ్ళు ఒడ్డునే ఉండి చెబుతారు.

వాగు వచ్చి కలిసే చోట మంచు ఎప్పుడూ పలుచనే. అక్కడ ఉంది రంధ్రం. మనిషి పొడవు. పెంకుల్లా విరిగిన అంచులు. మంచు కూలినప్పుడు ఎగజిమ్మిన నీళ్ళు చుట్టూ బురదలా పడి, గడ్డకట్టి, గాజులా మెరుస్తున్నాయి. అంచున అందరూ గుచ్చే స్ప్రూస్ చెట్టు కొమ్మ. దాని పక్కన బూడిదరంగు ఊలు గ్లవ్ ఒకటి. పది అడుగుల దూరంలో స్నో స్కూటర్. తాళం చెవి దానికే ఉంది. స్కూటర్లు తిరిగే దారి సిమెంటు రోడ్డులా గట్టిపడి ఉంది. దాని మీద అడుగుల గుర్తులు పడవు.

నలభై అడుగుల అవతల బడి పిల్లలు స్కీయింగ్ చేసే బాట.

నల్లటి నీళ్ళ మీద అప్పుడే సన్నటి పొర కడుతోంది. హిల్కా ఆ పొర వంక చూడలేకపోయింది.

"ఎవరైనా ఏదైనా ముట్టుకున్నారా?"

"లేదు," అన్నాడు తాయిస్టో.

"నేను మీతోపాటే కదండీ వచ్చాను," అన్నాడు వౌతిలా. అతను ప్రాజెక్ట్ మేనేజర్. ఒనెర్వా పై అధికారి. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"ఆమె పడిపోయిందని ఎలా తెలిసింది?"

"ఆమె వేసుకున్న జాకెట్ చెప్పింది. మా ప్రాజెక్టే అది. అడవిలో, మంచు మీద ఒంటరిగా పనిచేసేవాళ్ళ కోసం. మనిషి ఎక్కడున్నాడో నిమిషనిమిషానికీ మ్యాప్ మీద చుక్కలా చూపిస్తుంది. నీళ్ళలో పడితే అలారం కొడుతుంది. మూడేళ్ళ పని. ఒనెర్వాదే డిజైన్. ఒంటి మీద వేసుకుని టెస్ట్ చేస్తున్నదీ ఆమే."

"అలారం ఎప్పుడొచ్చింది?"

"7:52కి చుక్క ఆగింది. 7:53కి అలారం."

"ఎవరికి?"

"మూడు ఫోన్లకి. నాకు, తాయిస్టోకి, సంప్సాకి. సంప్సా మా పార్ట్‌నర్. ఆ జాకెట్ అమ్మబోయే కంపెనీ అతనిదే."

"మీరేం చేశారు?"

వౌతిలా తల దించుకున్నాడు. "మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ సైలెంట్‌లో..."

"ప్రాణం కాపాడే యంత్రం తయారుచేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టారు."

హిల్కా ముసలాయన వైపు తిరిగింది.

"తాయిస్టో, నువ్వు?"

"స్కీలు కట్టుకుని వచ్చా. 8:40 అయింది."

"మాకు 9:17కి చేశావు."

"ఇక్కడ సిగ్నల్ లేదు. ఒడ్డుకి పోయి చేశా."

టోపీ చెవుల మీదికి లాక్కుని స్కీ బాట వైపు చూస్తూ నిలబడ్డాడు.

హిల్కా కోటు జేబులో ఫోన్ మోగింది. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ పిర్యో.

"డైవర్లు రెండున్నరకి గాని రాలేరట."

రెండున్నర. అప్పటికి ఆ నీళ్ళలో మనిషి ఆరున్నర గంటలకు పైగా ఉన్నట్టు. హిల్కా ఇంక లెక్కపెట్టలేదు. ఫొటోలు తీసుకుంది. రంధ్రానికి, గ్లవ్‌కి, స్కూటర్‌కి.

*

11:10. యూనివర్సిటీ పరిశోధన విభాగం.

కాఫీ గది నిండా మనుషులు. అందరి చేతుల్లో కప్పులు, ఎవరూ తాగడం లేదు. ఒనెర్వా కప్పు మేకుకి వేలాడుతోంది. దాన్ని ఎవరూ చూడటం లేదు.

హిల్కా వౌతిలాని పక్క గదిలో కూర్చోబెట్టింది.

"వాగు దగ్గర మంచు పలుచనని ఆమెకి తెలియదా?"

"చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"మరి ఎందుకెళ్ళింది?"

"నాకేం తెలుసండీ!"

"ఈమధ్య ఎలా ఉంది?"

"బాగానే... కొంచెం ఉలిక్కిపడేది. తలుపు చప్పుడైతే చాలు. కిటికీ పక్క సీటు మార్చమంది."

"ఎవరంటే భయం?"

"భయమని కాదు." వౌతిలా కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలెట్టాడు. "సంప్సా ఆ మ్యాప్ స్క్రీన్ ఎక్కువ చూస్తున్నాడు అనేది. డ్యూటీ అయ్యాక కూడా. పార్ట్‌నర్‌కి ఆసక్తి ఉండటం మంచిదే కదమ్మా అన్నాను."

"ఎన్నిసార్లు చెప్పింది?"

"ఒక... మూడుసార్లు."

"మూడుసార్లూ మీరేం చేశారు?"

"ఫీడ్‌బ్యాక్ ఫారం నింపమన్నాను. టెస్ట్ యూజర్ అభిప్రాయాలు మాకు చాలా విలువైనవి."

హిల్కా అతని ముఖంలోకి చూసింది. వెటకారం కాదు. మనస్ఫూర్తిగానే అంటున్నాడు. ఇలాంటి మంచివాళ్ళ చేతుల్లో పడితే మనిషికి శత్రువులు అక్కర్లేదు.

"సంప్సా మంచివాడండీ," అన్నాడు వౌతిలా. "క్రిస్మస్‌కి టీమ్ మొత్తానికి బూట్లు కొనిచ్చాడు. మా కొలతలు అడగలేదు కూడా. ఒనెర్వాకి అచ్చంగా సరిపోయాయి. ఈ చలికి వాటినే వేసుకు తిరుగుతోంది."

11:35. సంప్సా లోపలికి వచ్చాడు.

నలభై అయిదేళ్ళు. నున్నగా దువ్విన జుట్టు. మెత్తటి గొంతు. ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"అలారం వచ్చినప్పుడు ఎక్కడున్నారు?"

"ఇంట్లో. అల్పాహారం."

"ఎవరికైనా ఫోన్ చేశారా?"

"అధికారులు చూసుకుంటారనుకున్నాను."

"ఆమెతో మీకు పరిచయం ఎంత?"

"వృత్తిపరంగానే." చిన్నగా నవ్వాడు. "పద్ధతైన అమ్మాయి. పదింటికల్లా పడుకుంటుంది. ఆదివారం చెల్లెలింటికి వెళ్ళింది. మూడు గంటల పది నిమిషాలు ఉంది. మంగళవారం కొట్లో పాల అర ముందు తొమ్మిది నిమిషాలు నిలబడింది. ఏదో దిగులు. ఊపిరి కూడా ఎగుడుదిగుడుగా ఉంది."

హిల్కా పెన్ను ఆగిపోయింది.

"ఊపిరి మీకెలా తెలుసు?"

"జాకెట్ కొలుస్తుంది. టెస్ట్ డేటా."

"ఆదివారం టెస్ట్ ఏమిటి?"

"ఆమె సంతకం పెట్టింది. అంగీకారపత్రం ఉంది. కావాలంటే చూడండి." అతని గొంతులో తొట్రుపాటు లేదు. "ఆమె క్షేమం కోసమే కదా. ఎవరో ఒకరు కంటికి రెప్పలా చూసుకోవాలి."

హిల్కా వెన్నులో చలి పాకింది. సరస్సు మీద వేసిన చలి దీని ముందు ఎంత!

"నేను వెళ్ళొచ్చా?" అన్నాడు సంప్సా. "మధ్యాహ్నం అటు ఉత్తరం వైపు పని ఉంది."

"ఒంటిగంటకి అందరితో మాట్లాడాలి. అందాకా ఉండండి."

అతను గడియారం చూసుకున్నాడు. "ఒంటిగంట. సరే. తొందరేం లేదు."

తొందరేం లేదు! కాఫీ గదిలో ప్రతివాడూ ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు, డైవర్లు ఎప్పుడొస్తారని. ఈ మనిషి ఆ మాటే ఎత్తలేదు.

*

11:58. హిల్కా కారిడార్‌లో నిలబడి పిర్యోకి ఫోన్ చేసింది.

"ఒనెర్వా ఎప్పుడైనా స్టేషన్‌కి ఫోన్ చేసిందా?"

"చేసింది. జనవరిలో. నేనే మాట్లాడాను. ఒకాయన నన్ను ఎప్పుడూ చూస్తున్నాడు అంది. కాగితం మీద సంతకం పెట్టారా అని అడిగాను. పెట్టానంది. అయితే అది మీ ప్రాజెక్ట్ వ్యవహారం, మాది కాదు అన్నాను." పిర్యో ముక్కు చీదుకుంది. "హిల్కా, ఆ అమ్మాయి చచ్చిపోయిందంటే నేను..."

"ఏడవకు. ఇప్పుడు కాదు."

హిల్కా ఫొటోలు తెరిచింది. ఒక్కొక్కటే పెద్దది చేసి చూసింది. స్కూటర్. గ్లవ్. విరిగిన అంచు. గడ్డకట్టిన బురద.

వేలు ఆగింది.

వెనక్కి జరిపింది. మళ్ళీ చూసింది.

ల్యాబ్‌లోకి నడిచింది. తాయిస్టో ఒక్కడే ఉన్నాడు. తలుపు మూసి, ఫోన్ అతని ముందు పెట్టింది.

"ఇది చూసి ముప్పై ఏడు నిమిషాలు ఊరుకున్నావు."

ముసలాయన చేతిలోని స్పానర్ తుడుస్తూనే ఉన్నాడు.

"సిగ్నల్ లేదన్నావు. నా ఫోన్ అక్కడే మోగింది. నీ పక్కనే నిలబడి మాట్లాడాను. ఆ ముప్పై ఏడు నిమిషాలూ ఒనెర్వాకి ఇచ్చావు, పారిపోవడానికి. ఎక్కడుంది?"

"నువ్వూ ఈ ఒడ్డు పిల్లవే కదే," అన్నాడు తాయిస్టో నెమ్మదిగా. "చూస్తావేమోనని భయపడుతూనే ఉన్నా. నాకు అది ఏమీ చెప్పలేదు. ఈ ఫొటోలో ఉన్నదాన్ని చూసే గ్రహించుకున్నా. నేను చెబితే నువ్వు రాస్తావు. రాస్తే కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. ఎక్కితే ఆ సంప్సా గాడికి తెలుస్తుంది. పోనీలే, అందరూ చచ్చిందనుకోనీ. అట్లాగైనా బతుకుతుంది."

"వాడికి ఇప్పటికే తెలుసు."

ముసలాయన చేతిలోని స్పానర్ బల్ల మీద పడింది.

"జాకెట్ నీళ్ళలో ఉందిగా!"

"బూట్లు కాళ్ళకున్నాయి. క్రిస్మస్ బూట్లు. కొలత అడక్కుండానే సరిపోయినవి. వాడు ఒక్కసారి కూడా డైవర్ల గురించి అడగలేదు తాయిస్టో. నువ్వూ అడగలేదు. ఆమె బతికుందని నీకెలా తెలుసో నాకు తెలుసు. వాడికెలా తెలుసు?"

తాయిస్టో ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఉత్తరం వైపు పనుందట," అంది హిల్కా. "ఉత్తరాన ఏముంది?"

"మా అక్క గుడిసె," అన్నాడు తాయిస్టో. "కాక్కో చెరువు దగ్గర. పదకొండు కిలోమీటర్లు. అక్కడ ఇంకెవరూ ఉండరు."

12:14. పిర్యో కారు ఉత్తరం రోడ్డెక్కింది.

*

మధ్యాహ్నం 1:05. మీటింగ్ గది.

బల్ల మీద కాఫీ ఫ్లాస్కు, దాల్చినచెక్క బన్నులు. చావింట్లో కూడా కాఫీ తప్పదు ఇక్కడ. వౌతిలా ఒక బన్ను తుంచి తుంచి పొడి చేస్తున్నాడు. తాయిస్టో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. సంప్సా తలుపుకి ఎదురుగా కూర్చున్నాడు. ఫోన్ మోకాలి మీద.

హిల్కా ఆ ఫోన్‌ని గమనిస్తోంది. ఫోన్ తెరిచి ఉండగా పట్టుకోవాలి. మూసేశాడా, అంతా చెరిపేస్తాడు. జాకెట్‌కి సంతకం ఉంది, దాంతో ఏ కేసూ నిలవదు. వాడు బయటపడితే ఇవాళ కాకపోతే రేపు ఆ గుడిసె దగ్గరికి వెళతాడు.

"ప్రమాదం ఎలా జరిగిందో చెబుతాను," అంది. కావాలనే నెమ్మదిగా మొదలెట్టింది. "రంధ్రం అంచున ఒక స్ప్రూస్ కొమ్మ ఉంది. చూశారా?"

"కొమ్మ ఉండదా మరి?" అన్నాడు వౌతిలా. "ఎవరు రంధ్రం చేసినా కొమ్మ గుచ్చుతారు. తెలియనివాళ్ళు పడకుండా."

"రంధ్రం చేస్తే గుచ్చుతారు. ఇది ఎవరూ చేసింది కాదు, విరిగింది అంటున్నారుగా. మనిషి నీళ్ళలో పడిపోయాక కొమ్మ ఎవరు గుచ్చారు?"

వౌతిలా చేతిలోని బన్ను ఆగింది. "ముందే ఉందేమో."

"మంచు విరిగి ఎగజిమ్మిన నీళ్ళు బురదలా పడ్డాయి. కొమ్మ ఆ బురద పైనుంచి గుచ్చి ఉంది, దాని ఆకుల మీద ఒక్క నీటి చుక్క కూడా గడ్డకట్టలేదు. మైనస్ ఇరవై మూడులో బురద పది నిమిషాల్లో రాయవుతుంది. అంటే మంచు విరిగాక, పది నిమిషాల లోపల, ఎవరో అక్కడ నిలబడి గుచ్చారు. మనమందరం చూశాం. చూసి చూసి అలవాటైపోయి, ఎవరి కంటికీ ఆనలేదు. నాకూ ఆనలేదు."

1:09. సంప్సా కళ్ళు మోకాలి వైపు దిగాయి. మళ్ళీ పైకి లేచాయి.

"చంపినవాడు గుచ్చాడంటారా?" వౌతిలా గొంతు కీచుమంది.

"చంపినవాడికి కొమ్మ ఎందుకు? పదింటికి బడి పిల్లలు స్కీలమీద ఆ పక్కనుంచే పోతారు. ఒక్కడు తొంగిచూసినా చాలు. ఆ సంగతి ఆలోచించిన మనిషి గుచ్చింది. ప్రాణభయంతో పారిపోతూ కూడా పరాయి పిల్లల కోసం ఆగిన మనిషి."

"ఆరేళ్ళప్పుడు నేర్పించా," అన్నాడు తాయిస్టో గోడవైపు చూస్తూ. "రంధ్రం వదిలి కొమ్మ గుచ్చకుండా వస్తే వీపు విమానం మోత మోగిస్తా అన్నా."

వౌతిలా నోరు తెరిచాడు. "అంటే... ఒనెర్వా..."

1:14. సంప్సా ఫోన్ వంక చూశాడు. ఈసారి కళ్ళు తిప్పుకోలేదు. నుదుటి మీద గీతలు పడ్డాయి. బొటనవేలు తెర మీద ఆడింది. పెద్దది చేసి చూస్తున్నాడు.

హిల్కా మాట ఆపేసింది. ఫ్లాస్కు మూత సన్నగా ఈల వేస్తోంది.

1:16. సంప్సా తల ఎత్తి తలుపు వైపు చూశాడు.

తలుపు ఇంకా ఎవరూ తట్టలేదు. కారిడార్‌లో అడుగుల చప్పుడు కూడా లేదు. వౌతిలా హిల్కాని చూస్తున్నాడు. తాయిస్టో గోడని చూస్తున్నాడు. సంప్సా ఒక్కడే, రాబోయే మనిషి కోసం తలుపు చూస్తున్నాడు. అతని ముఖంలో భయం లేదు. సంతోషం ఉంది.

హిల్కా ఒక్క అంగలో బల్ల దాటింది. ఫోన్ లాక్కుంది.

"ఇవ్వండి! అది నా సొంత..."

తెర మీద మ్యాప్. యూనివర్సిటీ భవనం. మూడో అంతస్తు. ఈ కారిడార్. నీలం చుక్క ఒకటి తలుపు దగ్గరికి వచ్చి ఆగింది.

అప్పుడు తట్టారు.

పిర్యో లోపలికి వచ్చింది. చేతిలో ఒక జత బూట్లు, పారదర్శకమైన సంచిలో.

"ఎడమ బూటు మడమలో," అంది. "కుట్టు విప్పి చూశాను. ట్రాకర్, బిళ్ళంత ఉంది."

"దీనికీ సంతకం ఉందా సంప్సా?" అంది హిల్కా. "పత్రం చూపిస్తానన్నారుగా. చూపించండి."

నున్నటి జుట్టు మొదటిసారి చెదిరింది. "మీకు అర్థం కాదు. అడవిలో ఒక్కతే. ఆమెకేమైనా అయితే? ఎవరు చూస్తారు? నేను కాకపోతే ఎవరు చూస్తారు?"

పిర్యో అతని చేతులు వెనక్కి తిప్పి బేడీలు వేసింది. అవసరమైనదానికన్నా కొంచెం గట్టిగానే వేసింది. హిల్కా చూసీ చూడనట్టు ఊరుకుంది.

*

ఒనెర్వా కింద పోలీసు కారులో ఉంది. సంప్సాని ఇంకో కారులో ఎక్కించాక గాని దిగనంది. దిగాక పైకి వచ్చింది, ఊలు మేజోళ్ళతో. పెదాలు పగిలి ఉన్నాయి. మనిషి సగం అయిపోయింది.

తాయిస్టో దగ్గరికి వెళ్ళి ఆమె తలని భుజానికి ఆనించుకున్నాడు.

"ఒనెర్వా," అన్నాడు వౌతిలా. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇంత భయపడుతున్నావని నాకు ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె అతని వంక చూసింది. కోపంగా కాదు, అలసటగా.

"మూడుసార్లు చెప్పాను. ఇంకెలా చెప్పాలో నాకు తెలియలేదు."

వౌతిలా కూర్చుండిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా అతనికి ఆకులు దొరకలేదు.

"నన్ను క్షమించండి," అంది పిర్యో. ఒనెర్వా తలూపింది.

"మంచు పగలగొట్టి జాకెట్ నీళ్ళలో వేశాను. నీళ్ళు మింగేశాయనుకుంటే ఇంక వెతకడు అనుకున్నాను," అంది ఒనెర్వా. "స్కీలమీద అంత దూరం పోయాను. గుడిసె తలుపు గడియ పెట్టుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను. మావయ్యా, ఐదు నెలల తర్వాత మొదటిసారి హమ్మయ్య అనుకున్నాను. పొయ్యి ముట్టించుకుని, ఆ బూట్లే ఒళ్ళో పెట్టుకుని ఆరబెట్టుకున్నాను."

ఆ తర్వాత ఆమె హిల్కా వైపు తిరిగింది. గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఇంకా ఎక్కడైనా పెట్టాడా?"

"ఇప్పుడే అడిగించాను. వాడు నోరు విప్పలేదు."

ఒనెర్వా టోపీ తీసి బల్ల మీద పెట్టింది. మెడకున్న మఫ్లర్ తీసింది. కోటు విప్పింది. ఊలు స్వెట్టర్ విప్పింది. మేజోళ్ళు కూడా. ఒక్కొక్కటీ మడతపెట్టి, తనకి దూరంగా నెట్టింది. పలచటి చొక్కాతో, వట్టి కాళ్ళతో నిలబడి వణుకుతోంది. వెనకాల కిటికీ అద్దం నిండా మంచు పూలు.

హిల్కా గబగబా తన పోలీసు కోటు విప్పి పట్టుకుంది.

"వేసుకో. చలికి పోతావు."

ఒనెర్వా అందుకుంది. వేసుకోలేదు. లోపలి వైపు తిప్పి, బొటనవేలితో కుట్టు తడమడం మొదలెట్టింది. కాలర్ నుంచి చంక దాకా. చంక నుంచి అంచు దాకా. తర్వాత జేబులు. తర్వాత రెండో వైపు.

ఆమె మొత్తం తడిమేదాకా హిల్కా అలాగే నిలబడింది.